గట్టుకి కొట్టుకున్న పాత మియాటా: స్టీరింగ్, సస్పెన్షన్‌లో ఏది వంగిందో ఇంటి దగ్గరే తేల్చుకోవడం ఎలా

"పాత మియాటా కొన్నాను, బండి తిన్నగా పోతున్నా స్టీరింగ్ మాత్రం వంకరగా ఉంటోంది." "గుంటలో పడ్డాక ఒక పక్కకి లాగుతోంది." "అలైన్‌మెంట్‌కి తీసుకెళ్తే ఏదో వంగింది, సెట్ కాదని పంపించేశారు. ఇప్పుడు ఏం మార్చాలి?" అమెరికాలో ఉంటూ ఈ చిన్న కారు మీద ఇష్టంతో కొనుక్కున్న మనవాళ్లు తిప్పి తిప్పి ఇవే అడుగుతున్నారు. అందుకే మొత్తం పద్ధతి ఒకేచోట రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేదంతా మజ్దా ఎంఎక్స్-5 (అమెరికాలో దీన్నే మియాటా అంటారు) మొదటి తరం గురించి. 1989లో షికాగో ఆటో షోలో బయటికొచ్చి, 1997 దాకా తయారైన, హెడ్‌లైట్లు పైకి లేచే బండి. దాన్ని ఎన్‌ఏ అంటారు. తర్వాత 2005 దాకా వచ్చిన ఎన్‌బీకి కూడా కింద అమరిక దాదాపు ఇదే కాబట్టి పద్ధతి మారదు. ముందూ వెనకా నాలుగు చక్రాలకీ పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే చేయి లాంటి భాగం) ఉంటాయి. ముందు ఆర్మ్‌లు రెండూ ముందు సబ్‌ఫ్రేమ్‌కి (బాడీ అడుగున విడిగా బిగించిన ఇనుప చట్రం), వెనకవి వెనక సబ్‌ఫ్రేమ్‌కి బిగించి ఉంటాయి. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితోనే పని.

ఒక మాట ముందే చెప్తాను. ఎడమ పక్కనీ కుడి పక్కనీ కొలిచి పోల్చుకునే దాకా ఒక్క పార్టు కూడా కొనకండి. దెబ్బ తగిలింది సాధారణంగా ఒక పక్కకే. రెండో పక్క మీ కళ్లముందే కొలబద్దలా ఉంటుంది.

ముందు ఇది చూడండి: బండి నడపొచ్చా?

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా నడపొద్దు, బండిని పైకెక్కించుకుని తీసుకెళ్లే ఫ్లాట్‌బెడ్ లారీ పిలిపించుకోండి.

- చక్రం కంటికి కనిపించేంతగా లోపలికో బయటికో ఒరిగి ఉండటం
- స్టీరింగ్ తిప్పుతుంటే మధ్యలో ఎక్కడో పట్టేయడం
- టైరు ఫెండర్‌కి గానీ లోపలి ప్లాస్టిక్‌కి గానీ రాసుకోవడం
- బ్రేకు గొట్టం నలగడం, టైరు పక్క గోడ ఉబ్బడం
- దెబ్బ తర్వాత కొత్తగా చక్రం దగ్గర టక్ టక్ మని చప్పుడు రావడం

కింది బాల్ జాయింట్ (ఆర్మ్ చివర చక్రం వైపు ఉండే గుండు కీలు) ఊడితే చక్రం ఒక్కసారిగా పడిపోతుంది. "ఇంటిదాకా మెల్లగా వెళ్దాంలే" అనుకునే చోటు కాదు ఇది.

కావలసినవి

ఫ్లోర్ జాకీ, నాలుగు జాక్ స్టాండ్‌లు, చక్రాలకి అడ్డుపెట్టే దిమ్మలు, చక్రం నట్లకి 21 మి.మీ. సాకెట్, టార్క్ రెంచ్, గాలి చూసే గేజి, కొలత టేపు, స్టీలు స్కేలు, పురికొస, తూకం గుండు, సుద్దముక్క, పెయింట్ మార్కర్, మంచి టార్చి, అడుగున్నర పొడవు ప్రై బార్ (సందులో పెట్టి ఎత్తే ఇనుప కడ్డీ), వైర్ బ్రష్. తోడుగా ఒక మనిషి తప్పనిసరి. నోటుబుక్కు కూడా దగ్గర పెట్టుకోండి, కొలతలు గుర్తుండవు. ముందు భాగం ఎక్కించడానికి ర్యాంపులు ఉంటే 3వ మెట్టు సులువవుతుంది.

తూకం గుండు లేకపోతే బరువైన నట్టుకి దారం కట్టినా సరిపోతుంది. మీ డ్రైవ్‌వే వాలుగా ఉంటే మాత్రం కొలతల పని అక్కడ పెట్టుకోకండి. మట్టంగా ఉన్న గరాజ్ ఫ్లోర్ దొరికే దాకా ఆగండి.

1. టైర్లు, గాలి

చాలామంది దీన్ని దాటేసి నేరుగా కిందకి దూరతారు. ఈ బండికి మజ్దా చెప్పిన గాలి 26 పీఎస్‌ఐ, నాలుగింటికీ. వేరే కార్ల అలవాటుతో 32, 35 కొట్టించి "రోడ్డు మీద గంతులేస్తోంది, షాక్‌లు పోయాయి" అనేవాళ్లున్నారు. ముందు గాలి సరిచేసి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు మళ్లీ చూడండి.

టైరు పక్కన డాట్ అన్న అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 2314 అని ఉంటే 2014లో 23వ వారం తయారైందన్నమాట. తక్కువ తిరిగిన పాత స్పోర్ట్స్ కార్లలో టైర్లు అరక్కుండానే గట్టిపడిపోతాయి. అలాంటి టైర్ల మీద నడిపి సస్పెన్షన్ గురించి తీర్పు చెప్పలేం.

బండి పక్కకి లాగుతుంటే ముందు రెండు చక్రాలనీ అటుదిటు మార్చి నడపండి (టైరు ఒకే దిక్కుకి తిరగాల్సిన రకమైతే ముందు వెనక మార్చండి). లాగుడు రెండో పక్కకి మారితే, లేదా పోతే, తప్పు టైరుదే. అరిగిన తీరు కూడా చూసుకోండి. లోపలి అంచు ఒక్కటే నున్నగా అరిగితే క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో ఒరగడం) లేదా టో (పైనుంచి చూస్తే చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండటం). అరచేత్తో అడ్డంగా రాస్తే ఒక దిక్కులో నున్నగా, వెనక్కి రాస్తే రంపంలా తగిలితే అది టో తేడానే.

2. రోడ్డు మీద నడిపి చూడటం

పై జాబితాలో ఏమీ లేకపోతేనే. ఖాళీగా, మట్టంగా ఉన్న రోడ్డు చూసుకోండి. ఇక్కడ నాలుగు రకాల ఇబ్బందుల్ని విడదీయాలి.

స్టీరింగ్ వంకరగా ఉన్నా బండి తిన్నగా పోతుంటే: ముందు టై రాడ్ (స్టీరింగ్ కదలికని చక్రానికి చేర్చే కడ్డీ) వంగి ఉండాలి, లేదా వెనక చక్రాలు ఒక పక్కకి చూస్తుండాలి. వెనక ఇంకో కారులో స్నేహితుణ్ణి రమ్మని చెప్పండి. మీ వెనక చక్రాలు ముందు చక్రాల బాటలో రాకుండా పక్కకి జరిగి నడుస్తుంటే అతనికి స్పష్టంగా తెలుస్తుంది.

చేతులు తేలికగా వదిలితే బండి ఒక పక్కకి లాగుతుంటే: క్యాంబర్, క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే చక్రం స్టీరింగ్‌తో తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం), టైరు, పట్టేసిన బ్రేకు. బండి ఎక్కువ పాజిటివ్ క్యాంబర్ (పైభాగం బయటికి ఒరగడం) ఉన్న పక్కకీ, తక్కువ క్యాస్టర్ ఉన్న పక్కకీ లాగుతుంది. దిగగానే నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి (రిమ్ ముట్టుకోకుండా, దగ్గరగా). ఒకటే బాగా వేడిగా ఉంటే బ్రేకు క్యాలిపర్ చూసుకోవాలి, సస్పెన్షన్ కాదు. అమెరికాలో రోడ్డు సాధారణంగా కుడి అంచుకి వాలి ఉంటుంది కాబట్టి కొద్దిగా కుడికి పోవడం లోపం కాదు. వాలు లేని చోట, పెద్ద ఖాళీ పార్కింగ్ లాట్‌లో, రెండు దిక్కులా నడిపి నిర్ధారించుకోండి.

తిన్నగా పోకుండా అటూ ఇటూ తిరుగుతుంటే: ఎక్కడో ఆట (జాయింట్‌లో వదులు) ఉంది, లేదా టో బయటికి ఉంది.

మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాకపోతే: క్యాస్టర్ తగ్గింది, లేదా ఏదో జాయింట్ బిగిసిపోయింది.

3. బరువు చక్రాల మీద ఉండగా ఆట వెతకడం

ముందు చక్రాలు ర్యాంపుల మీద ఉండాలి, హ్యాండ్‌బ్రేకు వేసి వెనక చక్రాలకి దిమ్మలు పెట్టాలి. పవర్ స్టీరింగ్ అయితే గరాజ్ తలుపు తీసి ఇంజిన్ ఆన్ చేయాలి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి. లోపలున్న మనిషి స్టీరింగ్‌ని రెండు అంగుళాల మేర అటూ ఇటూ టకటకా ఆడించాలి. పూర్తిగా తిప్పకూడదు. మీ చేతులు బెల్టులకి దూరంగా ఉంచుకోండి.

పైనుంచి కిందకి వరసగా చూస్తూ రండి. స్టీరింగ్ కాలమ్ చివరి యూనివర్సల్ జాయింట్, అది ర్యాక్‌లోకి (స్టీరింగ్ తిప్పితే టై రాడ్‌లని అటూ ఇటూ తోసే భాగం) దిగే చోటు, ర్యాక్‌ని సబ్‌ఫ్రేమ్‌కి పట్టి ఉంచే బ్రాకెట్లు, లోపలి టై రాడ్ జాయింట్ (బెల్లోస్ అనే ముడతల రబ్బరు తొడుగు పైనుంచే వేళ్లతో పట్టుకుంటే టిక్కుమనడం తెలుస్తుంది), చివరికి బయటి టై రాడ్ ఎండ్. ఒక పక్క కదిలి, రెండో పక్క ఆలస్యంగా కదిలే మొదటి చోటే మీరు వెతుకుతున్నది. ర్యాక్ మొత్తం పక్కకి జరుగుతుంటే దాని బ్రాకెట్ల రబ్బర్లు పోయాయి. టై రాడ్‌లు మార్చి లాభం లేదు.

బెల్లోస్‌ని పిండి చూడండి. లోపల నూనె కదులుతున్నట్టుంటే పవర్ ర్యాక్ సీలు కారుతోంది.

4. బండి ఎత్తడం

ముందు: క్రాస్‌మెంబర్ (ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉన్న ఇనుప దూలం) మధ్యలో. వెనక: డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్య ఉన్న గేర్ల పెట్టె) కింద. స్టాండ్‌లు: ముందు చక్రాల వెనక, వెనక చక్రాల ముందు ఉన్న బలపరిచిన అంచుల దగ్గర. అడుగున ముందు నుంచి వెనక్కి పోయే ఫ్రేమ్ రైల్స్ మీద జాకీ పెట్టకండి. అవి పల్చటి రేకు, నలిగిపోతాయి. మీ బండిలో ఆ రైల్స్ ఇప్పటికే నలిగి ఉంటే కంగారుపడకండి, అది చాలామటుకు పాత జాకీ దెబ్బే గానీ యాక్సిడెంట్ గుర్తు కాదు.

హెచ్చరిక: జాకీ ఒక్కటే ఉండగా కిందకి దూరొద్దు. స్టాండ్‌లు పెట్టాక బండిని గట్టిగా ఊపి చూసి, అప్పుడు కిందకి వెళ్లండి.

5. చక్రం ఊపి ఆట ఎక్కడుందో చూడటం

చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. తర్వాత ఎడమా కుడీ పట్టుకుని ఊపండి. పక్కలకి మాత్రమే ఆడితే టై రాడ్. పైకీ కిందకీ ఆడితే బాల్ జాయింట్ లేదా బేరింగ్. ఈ రెండింటినీ విడదీయడానికి సులువైన పద్ధతి ఉంది. లోపలి మనిషిని బ్రేకు గట్టిగా నొక్కమని మళ్లీ ఊపండి. బ్రేకు నొక్కగానే ఆట పోతే వీల్ బేరింగ్. నొక్కినా ఆడుతూనే ఉంటే జాయింట్.

ఈ బండిలో స్ప్రింగ్ బరువు కింది ఆర్మ్ మీద పడుతుంది. అందుకే చక్రం గాల్లో వేలాడుతుంటే కింది బాల్ జాయింట్ ఆట ఒక్కోసారి బయటపడదు. జాకీని కింది ఆర్మ్ చివర, బాల్ జాయింట్‌కి దగ్గరగా పెట్టి కొంచెం లేపండి. ఇప్పుడు ప్రై బార్‌తో ఆర్మ్‌కీ నకిల్‌కీ (చక్రం బేరింగ్‌ని పట్టి ఉంచే ఇనుప భాగం) మధ్య మెల్లగా ఎత్తి చూడండి. కంటికి కనిపించేంత కదిలితే జాయింట్ పోయినట్టే. రబ్బరు బూటు చిరిగి గ్రీజు బయటికొచ్చి ఉంటే, ఆట లేకపోయినా మార్చాల్సిన జాబితాలో రాసుకోండి.

కొద్దిగా రబ్బరు సాగినట్టు మెత్తగా కదలడం బుష్‌ల (ఆర్మ్ కీళ్లలో ఉండే రబ్బరు గొట్టాలు) సహజ గుణం. ఇనుము ఇనుముకి తగిలినట్టు టక్కుమంటే అదీ లోపం. ఈ తేడా చేతికి అలవాటవ్వాలంటే దెబ్బ తగలని పక్క ముందు చేసి చూడండి.

6. వంగినది వెతకడం

అసలు పని ఇదే, తొందరపడకండి. వైర్ బ్రష్‌తో మురికి వదిలించి, టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేయండి. ఎదురుగా వేస్తే వంపులు కనిపించవు.

*టై రాడ్‌లు.* గట్టుకి కొట్టుకున్నప్పుడు రిమ్ తర్వాత సాధారణంగా ముందు వంగేది ఇదే. స్టీలు స్కేలుని రాడ్ పొడవునా ఆనించి వెలుతురు కనిపిస్తోందేమో చూడండి. అనుమానంగా ఉంటే లాక్ నట్టు వదులు చేసి, బెల్లోస్ క్లిప్పు తీసి, రాడ్‌ని తన చుట్టూ తాను తిప్పండి. వంగిన రాడ్ గిర్రున తిరగకుండా ఊగుతూ తిరుగుతుంది. తిప్పే ముందు పెయింట్ గుర్తు పెట్టుకుని, సరిగ్గా ఎన్ని చుట్లు తిప్పారో అన్నే వెనక్కి తిప్పండి. లేకపోతే టో మారిపోతుంది.

ఆ లాక్ నట్టు వెనక బయటికి కనిపించే మరలు రెండు పక్కలా లెక్కపెట్టండి. ఒకటి రెండు తేడా మామూలే. ఒక పక్క 8, రెండో పక్క 15 ఉంటే వంగినదాన్ని ఎవరో టో సర్దుబాటుతో కప్పిపెట్టారని అర్థం. మీకు బండి అమ్మినవాళ్లు చెప్పని సంగతి ఆ మరల దగ్గర తెలిసిపోతుంది. కాకపోతే ఒక పక్క టై రాడ్ ఎండ్ వేరే కంపెనీది వేసి ఉంటే పొడవు తేడా వల్ల కూడా ఇలా కనిపించొచ్చు. రెండు ఎండ్‌లూ ఒకటేనా అని చూసుకోండి.

*కామ్ బోల్టులు.* తిప్పితే ఆర్మ్ చోటు కొద్దిగా జరిగే బోల్టులివి. కింది ఆర్మ్ లోపలి చివర రెండేసి బోల్టులు, నాలుగు చక్రాలకీ కలిపి 8. వాటి వాషర్ల మీద గీతలుంటాయి. అలైన్‌మెంట్ చేసేవాళ్లు వీటిని తిప్పే, ముందు చక్రాలకి క్యాంబర్, క్యాస్టర్, వెనక చక్రాలకి క్యాంబర్, టో సెట్ చేస్తారు. ముందు టో మాత్రం టై రాడ్‌తో. ఏ బోల్టునీ ముట్టుకోకముందే ఎనిమిదింటికీ ఫోటో తీయండి. ఎడమది మధ్యలో ఉండి, అదే చోట కుడిది చివరిదాకా తిప్పేసి ఉంటే, ఆ పక్క ఏదో వంగింది, దాన్ని లాగి సర్దారు. ఈ ఫోటోలు అలైన్‌మెంట్ షాపులో చూపించండి, వాళ్ల పని సగం తగ్గుతుంది.

*ఆర్మ్‌లు.* రేకు అచ్చుపోసి అతికించినవి. పెయింట్ పగిలి సన్నటి తుప్పు గీత ఒకటి అడ్డంగా కనిపిస్తే, వేలితో తడిమితే మడత తగిలితే, అక్కడ వంగింది. కంటితో తేలకపోతే బాల్ జాయింట్ బోల్టు నుంచి షాక్ కింది బోల్టు దాకా రెండు పక్కలా కొలవండి. కామ్ బోల్టు నుంచి కొలవకండి, అది తిప్పి ఉంటే కొలత మారిపోతుంది.

*సబ్‌ఫ్రేమ్.* ఆర్మ్‌లు బిగించే చెవుల దగ్గర రేకు ముడత పడిందేమో చూడండి. సబ్‌ఫ్రేమ్‌ని బాడీకి బిగించే బోల్టుల వాషర్ల పక్కన ఇనుము తళతళలాడుతూ కనిపిస్తే సబ్‌ఫ్రేమ్ తన చోటు నుంచి పక్కకి జరిగింది. జరగని వాషర్ చుట్టూ పాత మురికి చెదరకుండా ఉంటుంది.

*షాక్‌లు.* నూనె కారడం, రాడ్ వంగడం, స్ప్రింగ్ చివర విరగడం. పాత ఎన్‌ఏ బండ్లలో షాక్ రాడ్ మీది బంప్ స్టాప్ (షాక్ చివరిదాకా నొక్కుకోకుండా ఆపే మెత్త) నురగ పొడిపొడిగా రాలిపోవడం చాలా మామూలు. గుంటలో పడగానే ఇనుము కొట్టుకున్న చప్పుడు వస్తే ముందు అది చూడండి.

7. రిమ్ వంగిందా, హబ్ వంగిందా?

చక్రం గాల్లో ఉండగా, ఒక స్టాండ్‌కి పెన్సిల్ కట్టి దాని మొన రిమ్ అంచుకి తగిలీ తగలనట్టు పెట్టండి. మెల్లగా తిప్పండి. మొన నుంచి రిమ్ ఎక్కువగా దూరమయ్యే చోట సుద్దతో గీయండి, రిమ్ మీద ఒకటి, దానికి ఎదురుగా హబ్ (చక్రాన్ని బిగించే మధ్య భాగం) మీద ఒకటి. ఇప్పుడు చక్రం ఊడదీసి, ఒక స్టడ్ (నట్టు ఎక్కే బోల్టు) అవతలికి జరిపి మళ్లీ బిగించండి. ఎక్కువ దూరం రిమ్ గీత దగ్గరే వస్తే రిమ్ వంగింది. హబ్ గీత దగ్గరే వస్తే హబ్ వంగింది. దీనికి రూపాయి ఖర్చు లేదు, కొత్త రిమ్ కొనే ముందు తప్పక చేయండి.

8. వెనక వైపు

ముందు చక్రానికి దెబ్బ తగిలినా వెనక చక్రం కూడా అదే గట్టుకి తగిలి ఉండొచ్చు. వెనక బాల్ జాయింట్‌లు లేవు, అన్నీ బుష్‌లే. ఆర్మ్‌లు, నకిల్ పైన చెప్పినట్టే చూడండి. కుడి మలుపులో ఒకలా, ఎడమ మలుపులో ఇంకోలా బండి తిరుగుతుంటే వెనక టో మీద అనుమానం పెట్టండి.

హెచ్చరిక: మంచు రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల బండి అయితే వెనక కింది పొడవాటి బోల్టు, కామ్ బోల్టులు బుష్ లోపలి గొట్టంలో పట్టేసి ఉంటాయి. ముందు రోజే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. తల తిరిగినంత మాత్రాన బోల్టు తిరిగినట్టు కాదు, రబ్బరు మెలితిరిగిపోతూ ఉండొచ్చు. అలా ఉంటే కోసి తీయాల్సిందే. ఆదివారం సాయంత్రం మొదలుపెట్టే పని కాదు.

9. నేల మీద కొలతలు

బండి దించాక నాలుగడుగులు ముందుకీ వెనక్కీ తోయండి. జాకీ దించగానే చక్రాలు నేలని పట్టుకుని సస్పెన్షన్ పూర్తిగా దిగదు, ఆ స్థితిలో కొలిస్తే అన్నీ తప్పులే.

ఎత్తు: హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా, నాలుగు చోట్లా. నేల నుంచి కొలవకండి, టైరు తేడా కలిసిపోతుంది.

చక్రాల మధ్య పొడవు: స్టీరింగ్ తిన్నగా పెట్టి ముందు హబ్ మధ్య నుంచి వెనక హబ్ మధ్య దాకా రెండు పక్కలా. కంపెనీ లెక్క 2265 మి.మీ. ఇంటి టేపుతో 5 మి.మీ. తేడా పట్టించుకోను. 10 మి.మీ. దాటితే పొట్టిగా ఉన్న పక్క ముందు ఆర్మ్ వెనక్కి వెళ్లింది, లేదా వెనకది ముందుకి వచ్చింది.

మూలలు: రెండు ముందు కింది బాల్ జాయింట్‌ల నుంచి, బాడీ అడుగున రెండు పక్కలా ఒకేలా ఉన్న రెండు రంధ్రాల నుంచి తూకం గుండు వదిలి నేల మీద సుద్ద గుర్తులు పెట్టండి. బండి పక్కకి తోసేసి గుర్తుల మధ్య మూల నుంచి మూలకి ఏటవాలుగా కొలవండి. ఎడమ ముందు నుంచి కుడి వెనక్కి, కుడి ముందు నుంచి ఎడమ వెనక్కి. ఈ రెండూ సమానంగా ఉండాలి.

టో: బండికి రెండు పక్కలా హబ్ ఎత్తులో స్టాండ్‌లకి పురికొస కట్టండి. ముందు రెండు హబ్‌ల నుంచి తాడు దూరం ఒకటే ఉండాలి, వెనక రెండు హబ్‌ల నుంచి ఒకటే ఉండాలి. ముందు వెనక మధ్య ఒకటే రాదు, ఎందుకంటే వెనక చక్రాల మధ్య వెడల్పు కొంచెం ఎక్కువ. తర్వాత ప్రతి రిమ్‌కీ ముందు అంచు నుంచి, వెనక అంచు నుంచి తాడు దూరం కొలవండి. ముందు అంచు దూరం ఎక్కువైతే టో లోపలికి, తక్కువైతే బయటికి. వెనక ఒక చక్రం లోపలికి, రెండోది బయటికి చూస్తుంటే స్టీరింగ్ వంకరకి కారణం దొరికినట్టే.

10. అలైన్‌మెంట్ షీటుని చదవడం

తాళ్ల పని వద్దనుకుంటే నేరుగా ఇక్కడికి రావచ్చు. షాపులో "ఏమీ మార్చకండి, కొలిచి ప్రింటు ఇవ్వండి" అని అడగండి. క్యాంబర్, క్యాస్టర్, టో మాత్రమే సరిపోవు. స్టీరింగ్ యాక్సిస్ ఇంక్లినేషన్ (ముందునుంచి చూస్తే చక్రం స్టీరింగ్‌తో తిరిగే ఇరుసు లోపలికి వాలిన కోణం), ఇన్‌క్లూడెడ్ యాంగిల్, సెట్‌బ్యాక్ (ఒక ముందు చక్రం రెండోదానికన్నా వెనకగా ఉండటం), థ్రస్ట్ యాంగిల్ (వెనక చక్రాలు రెండూ కలిసి ఏ దిక్కుకి చూస్తున్నాయో) కూడా కావాలి. వీటిలో మొదటి రెండూ కావాలంటే చక్రాలు అటూ ఇటూ తిప్పి కొలవాలి, కొన్ని షాపులు అడిగితే తప్ప చేయవు.

క్యాంబర్, స్టీరింగ్ యాక్సిస్ కోణం రెండూ కలిపితే వచ్చేది ఇన్‌క్లూడెడ్ యాంగిల్. అది నకిల్ ఆకారం మీదే ఆధారపడుతుంది. ఒక ఉదాహరణ చూడండి (అర్థం కావడానికి వేసిన అంకెలు, కంపెనీ స్పెక్ కాదు). ఎడమ క్యాంబర్ −0.8, యాక్సిస్ 11.4, మొత్తం 10.6. కుడి క్యాంబర్ +0.6, యాక్సిస్ 10.0, మొత్తం 10.6. మొత్తాలు సమానం, అంటే నకిల్ బాగుంది. ఆర్మ్‌లో గానీ, సబ్‌ఫ్రేమ్ చెవిలో గానీ తేడా. అలాకాక కుడి క్యాంబర్ +0.6, యాక్సిస్ 11.4 అయితే మొత్తం 12.0. అప్పుడు వంగింది నకిల్. ఆర్మ్‌లు ఎన్ని మార్చినా క్యాంబర్ కుదరదు.

నకిల్ బాగుండి క్యాంబర్ పాజిటివ్ వైపు పోతే కింది ఆర్మ్ లోపలికి నొక్కుకుంది. నెగటివ్ వైపు పోతే పై ఆర్మ్ చూడండి. ఒక పక్క క్యాస్టర్ తగ్గి, సెట్‌బ్యాక్ కూడా ఆ పక్కే చూపిస్తే కింది ఆర్మ్ వెనక్కి వంగింది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. స్ట్రట్ ఉన్న కార్లలో (పై ఆర్మ్ బదులు షాకే చక్రాన్ని పట్టి ఉంచే రకం) సబ్‌ఫ్రేమ్ పక్కకి జరిగితే ఒక పక్క క్యాంబర్ పెరిగి, రెండో పక్క అంతే తగ్గుతుంది. ఆ లెక్క మియాటాకి వర్తించదు. పై ఆర్మ్, కింది ఆర్మ్ రెండూ సబ్‌ఫ్రేమ్‌కే ఉన్నాయి కాబట్టి అది జరిగితే అన్నీ కలిసే జరుగుతాయి, క్యాంబర్ మారదు. దాన్ని పట్టించేది 9వ మెట్టులో మూలల కొలతే. షీటులో క్యాంబర్ బాగుందని సబ్‌ఫ్రేమ్ బాగున్నట్టు కాదు.

ఎక్కువమంది చేసే తప్పులు

వంగిన ఆర్మ్‌నో టై రాడ్‌నో నకిల్‌నో వేడిచేసి, ప్రెస్‌లో పెట్టి తిన్నగా చేయించడం. దయచేసి వద్దు. ఒకసారి వంగిన ఇనుము తర్వాత అదే చోట విరిగే ప్రమాదం ఉంది. జంక్‌యార్డ్‌లో యాక్సిడెంట్ కాని పక్క ఆర్మ్ దొరుకుతుంది, అది తెచ్చుకోండి. కొనేముందు ఇదే స్కేలు పరీక్ష అక్కడే చేయండి.

స్టీరింగ్ వీల్ ఊడదీసి పళ్లు మార్చి తిన్నగా పెట్టుకోవడం. అమెరికా బండ్లలో మొదటి నుంచీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ ఉంది, 1994 నుంచి పక్క సీటుకీ వచ్చింది. దాన్ని ఇంట్లో కెలకొద్దు. పైగా ర్యాక్ మధ్యలో లేకుండా పోతుంది. వీల్‌ని మధ్యలో పెట్టి టై రాడ్‌లతోనే సరిచేయాలి.

బుష్ బోల్టులు చక్రం గాల్లో వేలాడుతుండగానే పూర్తిగా బిగించడం. బండి దించగానే రబ్బరు మెలితిరిగిపోయి ఉంటుంది, ఎత్తు తేడా వస్తుంది, త్వరగా చిరుగుతుంది. చేత్తో బిగించి, బరువు చక్రాల మీద పడ్డాకే టార్క్ ఇవ్వండి.

టక్ టక్ చప్పుడుకి బాల్ జాయింట్‌లు మార్చేయడం. ముందు స్వే బార్ (మలుపులో బండి ఒరగకుండా రెండు పక్కల్నీ కలిపే కడ్డీ) లింకులు రెండు పక్కలా విప్పి, కట్టేసి, మీ వీధిలోనే మెల్లగా నడిపి చూడండి. చప్పుడు పోతే లింకులే.

సరిగ్గా కుదిరిందని ఎలా తెలుసుకోవాలి

చక్రం నట్లు 88 నుంచి 118 న్యూటన్ మీటర్ల మధ్య, ఎదురెదురుగా బిగించండి. బండిని తోసి సస్పెన్షన్ దిగనిచ్చి, ఎత్తు, చక్రాల మధ్య పొడవు మళ్లీ కొలిచి పాత అంకెల పక్కన రాయండి. ఆ తర్వాతే అలైన్‌మెంట్. ఈసారి కామ్ బోల్టులు రెండు పక్కలా దాదాపు ఒకే చోట ఆగాలి. టై రాడ్ మరలు సమానంగా కనిపించాలి. క్యాంబర్‌లోనూ క్యాస్టర్‌లోనూ ఎడమ కుడి తేడా అర డిగ్రీ లోపు ఉండాలి. షీటులో అన్నీ ఆకుపచ్చగా ఉన్నా కామ్‌లు ఒక పక్క చివరిదాకా తిరిగి ఉంటే, వంగినది ఇంకా బండిలోనే ఉంది. ఒప్పుకోకండి.

అలైన్‌మెంట్ అయ్యాక ప్రతి కామ్ బోల్టు మీదుగా సబ్‌ఫ్రేమ్ దాకా పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీయండి. 100 కిలోమీటర్లు తిరిగాక చక్రం నట్లు మళ్లీ టార్క్ చూసి, ఆ గీతలు కూడా చూడండి. ఏ గీత అయినా విడిపోయి కనిపిస్తే ఆ బోల్టు జారింది. దాన్ని బిగించి ఊరుకోకుండా, ఆ చక్రం టో, క్యాంబర్ మళ్లీ కొలిపించండి.